మిషన్ కంటే ముందు జాగ చూడాలె

(హైవే మీద కరెంటు కార్ల చార్జింగ్ స్టేషన్ ఎట్ల పెట్టాలని నల్లగొండల హోటల్ యజమానులు, పెట్రోల్ బంకులోళ్ళు, ఎలక్ట్రీషియన్లు, ఐటీఐ పిల్లల ముందు ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినోళ్ళ కోసం రికార్డింగు విని రాసినం.)

పెద్దలందరికీ నమస్కారం. ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డరు. ముందు కుర్చీలు ఖాళీగున్నయ్, రండి బిడ్డా, వచ్చి కూర్చోండి. ఈ మాటలు అందరికంటే ఎక్కువ మీకోసమే. రేపు ఈ స్టేషన్లకు కేబుల్ లాగేది మీరే. గుంత తవ్వించేది మీరే. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వస్తే లేచి పోవాల్సింది కూడ మీరే.

నేను 20 ఏండ్లకెల్లి కరెంటు పని చేస్తున్న. మొదట్ల బావుల కాడ మోటర్లు, స్టార్టర్లు. తర్వాత మిర్యాలగూడ దిక్కు రైసు మిల్లులకు హెచ్‌టీ (పెద్ద వోల్టేజ్) కనెక్షన్లు. ఈ నాలుగైదేండ్ల సంది కార్ల ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లు. ఇటు విజయవాడ రోడ్డు మీద చేసిన, అటు బెంగళూరు రోడ్డు మీద చేసిన. నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు ఒక్కటే అడిగిన్రు: "ఏ చార్జింగ్ మిషన్ కొనాల్నో చెప్పండి, చాలు." నేను మిషన్ గురించి చెప్త, కాని చివర్ల చెప్త. ఎందుకంటే నేను చూసిన స్టేషన్లల పాడువడ్డయి చాలావరకు మిషన్ మంచిది కాక పాడువడలేదు. జాగ చూడక, నేల చూడక, లైన్ చూడక పాడువడ్డయి. మిషన్ లారీల రాకముందే ఆ స్టేషన్ బతుకుతదా చస్తదా అన్నది తేలిపోతది. ఈ మాట మల్ల మల్ల చెప్త, ఏమనుకోకండి.

మొదలు నేను మిమ్మల్ని ఒకటి అడుగుత. ఈ స్టేషన్ ఎవరికోసం కడుతున్నం? ఎవరన్న చెప్పండి. "కారున్నోళ్ళ కోసం." సరే. ఏ కారున్నాయన? ఇంట్ల చార్జింగ్ పెట్టుకొని ఊర్ల తిరిగే ఆయన మన కాడికి రాడు. మన కాడికి వచ్చే మనిషిని నేను చెప్త, మనసుల పెట్టుకోండి. రాత్రి 11 గంటలైంది. పక్క సీట్ల భార్య. వెనక సీట్ల పిల్లలు పండుకున్నరు. బ్యాటరీల 8 శాతం చూపెడుతున్నది. 40 యూనిట్ల బ్యాటరీ అనుకుందం, 8 శాతమంటే 3 యూనిట్ల చిల్లర. హైవే మీద యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తది. అంటే ఆయన చేతుల 20 కిలోమీటర్లున్నయ్. అంతే.

ఇప్పుడు మన స్టేషన్ పనిచేస్తలేదనుకోండి. పెట్రోల్ బండైతే ఏం చేస్తడు? ఇంకో బంకుకు పోతడు. అది గూడ కాకుంటే ఎవరి బండో ఎక్కిపోయి సీసల పోయించుకొస్తడు. కరెంటును సీసల తెస్తమా? తేలేం. కేంద్ర విద్యుత్ శాఖ 2022ల ఇచ్చిన మార్గదర్శకాలల హైవే మీద రెండు దిక్కుల 25 కిలోమీటర్లకొక స్టేషన్ ఉండాలన్నరు. 2024ల దాన్ని 20 కిలోమీటర్లు చేసిన్రు. 20 కిలోమీటర్లు! మన ఆయన చేతుల ఉన్నవి గూడ గవే 20. అంటే మన మిషన్ ఆగిందంటే, అన్నీ అనుకున్నట్టే ఉన్నా ఆయన తర్వాతి స్టేషన్‌ను ముట్టుకుంటడో ముట్టుకోడో దేవునికే తెల్వాలె. అందుకే అంటున్న, నడవని స్టేషన్ కంటే స్టేషన్ లేకపోవుడే నయం. లేకుంటే ఆయన ముందే ఇంకో కాడ ఆగి ఎక్కించుకునేటోడు. ఫోన్ల మన బోర్డు చూసి, మనల్ని నమ్మి వచ్చిండు.

ఆ 8 శాతం మనిషిని మరువకండి. ఈ మాట్లాడుకునేదంత ఆయన గురించే.

ఇగ జాగ ముచ్చట. మొదటిది, రోడ్డుకు ఏ దిక్కు? మన విజయవాడ రోడ్డు నడుమ డివైడర్ ఉన్నది. హైదరాబాద్ నుంచి పోయేటోళ్ళ దిక్కు మీరు పెడితే, వచ్చేటోళ్ళకు అది లేనట్టే. ఉన్నదని యాప్‌ల చూసి, ఎక్కడో సందు దొరికిన కాడ యూటర్న్ తీసుకుంటరు. ఆ సందుల కాడ ఎంతమంది పోయిన్రో ఈ జిల్లాల నేను చెప్పాల్నా? అందుకే జంక్షన్ కాడ, కింద నుంచి దారి ఉన్న కాడ జాగ దొరికితే కొంచెం కిరాయి ఎక్కువైన అదే తీసుకోండి. రోడ్డు మీదికెల్లి లోపలికి దారి ఇయ్యాలంటే హైవే వాళ్ళ పర్మిషన్ కావాలె. అది రాకముందు గచ్చు పొయ్యకండి.

రెండోది, ఎన్నో కిలోమీటర్ కాడ? చాలామంది ఏమంటరు, "మా హోటల్ కాడ బండ్లు మస్తు ఆగుతయ్, ఇక్కడ పెడితే మస్తు నడుస్తది" అంటరు. చాయ్‌కి ఆగే బండి వేరే, చార్జింగ్‌కు ఆగే బండి వేరే. లెక్క చూడండి. మామూలు కరెంటు కారు హైదరాబాద్‌ల ఫుల్ పెట్టుకొని బయలెల్లితే హైవే స్పీడుల 200, 250 కిలోమీటర్లు వస్తది. చౌటుప్పల్ కాడ ఆయనకు మనతోని పనిలేదు. నార్కట్‌పల్లి 80 కిలోమీటర్లు, అక్కడ గూడ పని తక్కువ. సూర్యాపేట వచ్చేసరికి 135 కిలోమీటర్ల చుట్టుముట్టు, సగం కిందికి వచ్చేస్తది. విజయవాడ నుంచి వచ్చేటోళ్ళకు గూడ సూర్యాపేటే నడుమ. అందుకే సూర్యాపేట, కోదాడ నడుమ పోటీ ఎక్కువ. అట్లని నార్కట్‌పల్లి పనికిరాదని కాదు. అద్దంకి రోడ్డు నుంచి వచ్చేటోళ్ళు, గుంటూరు ఇంకా అవతల నుంచి హైదరాబాద్ పోయేటోళ్ళు అక్కడికొచ్చేసరికి ఎండిపోయి వస్తరు. వాళ్ళ బండ్లు వచ్చే దిక్కు చూసి పెట్టాలె. బెంగళూరు రోడ్డుకు గూడ ఇదే లెక్క. జడ్చర్ల తొందరపాటు. కొత్తకోట, పెబ్బేరు దాకా పోతే 150 కిలోమీటర్లు అయితది, అప్పుడు బండి ఆకలైతదంటది.

శ్రీశైలం రోడ్డుది వేరే కథ. మన్ననూర్ కాడ రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా గేటు మూస్తరు, అమ్రాబాద్ పులుల అడవి గద. 9 దాటినంక వచ్చినోళ్ళు ఆ రాత్రంత అక్కడ్నే ఉంటరు. అటువంటి కాడ ఫాస్ట్ చార్జర్ ఎందుకు? నిమ్మళంగ ఎక్కించే 7 కిలోవాట్ల ఏసీ చార్జర్ పెడితే 9 గంటల్ల 60 యూనిట్లు పోస్తది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వద్దు, పెద్ద ఖర్చు వద్దు. బండి ఎంతసేపు నిలవడతదో చూడకుండ ఎన్ని కిలోవాట్లు పెట్టాలని అడుగుడే తప్పు. మన్ననూర్‌ల లాడ్జి ఉన్న అన్న ఎవరో వచ్చిండని చెప్పిన్రు, ఆయనకు ఈ మాట ప్రత్యేకంగ చెప్తున్న.

కరెంటు లైన్

జాగ దొరికింది. ఇగ లైన్. ఇక్కడున్న హోటలోళ్ళకు చెప్త: కరెంటాఫీసుల ఏఈ సార్ కాడికి అప్లికేషన్ పట్టుకొని పోయే ముందు ఆ ఊరి లైన్‌మన్‌కు ఒక చాయ్ తాగిపియ్యండి. ఆయనను మూడే అడగండి. మా జాగ ముందల ఉన్న 11 కేవీ లైన్ ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తది? మనం మొదట్ల ఉన్నమా, లైన్ చివరున్నమా? పోయిన మే నెలల ఎన్నిసార్లు ట్రిప్ అయింది? ఈ మూడింటికి ఆయన చెప్పే జవాబు ఏ కంపెనీ సర్వే రిపోర్టుల ఉండదు. ఆ స్తంభం ఎక్కి దిగేది ఆయన గద.

రైతు బిడ్డలున్నరు ఇక్కడ, మీకు చెప్పనక్కర్లేదు. లైన్ చివరున్న మోటర్‌కు లో వోల్టేజ్ వచ్చి కాలిపోవుడు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. చార్జర్ కాలిపోదు, అది తెలివిగలది. వోల్టేజ్ పడంగనే తనంతల తాను ఆగిపోతది. కాని ఆగుడంటే ఏంది? మన 8 శాతం ఆయనకు ఆగినా ఒకటే, కాలినా ఒకటే.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క సులువే. 60 కిలోవాట్లవి రెండు మిషన్లు పెడితే 120. దానికి లైట్లు, కెమెరాలు, ఫ్యాన్లు కలుపుకుంటే 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలె. 240 కిలోవాట్లైతే 315కు పోవాలె. హోటల్‌కున్న ట్రాన్స్‌ఫార్మర్ మీదనే ఇది గూడ ఎక్కిద్దమని అడుగుతరు. వద్దు. చార్జింగ్‌కు కరెంటోళ్ళ కాడ వేరే కేటగిరీ ఉన్నది, వేరే మీటర్ ఉంటది, వేరే రేటు ఉంటది. రెండూ కలిపితే రేపు బిల్లు కాడ కొట్లాట. ఇంకో మాట, దీనికి కరెంటు అమ్మే లైసెన్సు అక్కర్లేదు. 2018 ఏప్రిల్‌ల కేంద్రం చెప్పేసింది, కారుకు చార్జింగ్ పెట్టుడు సేవ, కరెంటు అమ్ముడు కాదని. ఎవరన్న లైసెన్సు ఇప్పిస్తమని పైసలడిగితే ఇయ్యకండి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఇచ్చే మంజూరు మాత్రం ఖచ్చితంగ కావాలె. అది మన ప్రాణాల కోసం. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంల మంటలంటుకొని 9 మంది పోయిన్రు. కరెంటు పని బాగ తెలిసినోళ్ళు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం పోలేదు. అందుకే భద్రత కాడ "నడుస్తదిలే" అనే మాట నా ముందల అనకండి అని మా పిల్లలకు చెప్త.

ఎర్తింగ్

ఎర్తింగ్ అంటే లీకైన కరెంటు మనిషికి తగలకుండ భూమిలకు పోయే దారి. ఇది నా జీవితంల నేర్చుకున్నది. కొంచెం నిమ్మళంగ చెప్త.

నేను కట్టిన మొదటి స్టేషన్లల ఒకటి. ఏ కంపెనీదో, ఏ హోటలో చెప్పను, అక్కర్లేదు, ఎందుకంటే తప్పు నాది. చలికాలంల కట్టినం. మన నల్లగొండ నేల తెలుసుగద, పైన రెండు మూడు ఫీట్లు ఎర్ర చెలక, దాని కింద మొరం, దాని కింద బండ. ఎర్త్ గుంత తవ్విస్తుంటే నాలుగు ఫీట్ల కాడ గడ్డపార ఖంగుమన్నది. కూలీలు పాలమూరోళ్ళు, దేశమంత తిరిగి కాలువలు తవ్వినోళ్ళు, వాళ్ళే అన్నరు, "సారూ, ఇది బండ, మిషన్ పెట్టి కొట్టాలె" అని. నేనేం చేసిన? గుంతను పక్కకు వెడల్పు చేయించిన. ఉప్పు, బొగ్గు నింపి, నీళ్ళు పోసి, టెస్టర్ పెట్టి చూస్తే 3 ఓమ్‌ల లోపట వచ్చింది. ఓమ్ అంటే కరెంటుకు ఎంత అడ్డమున్నదో చెప్పే లెక్క, ఎంత తక్కువుంటే అంత మంచిది. బాగనే ఉన్నదని సంతకం పెట్టిన.

మే నెల వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం 2 గంటలకు ఫోన్. పోయిన. షెడ్ కింద కారు, కారు పక్కన ఒక ముసలామె బెంచీ మీద కూర్చొని కొంగుతోని విసురుకుంటున్నది. కొడుకు నిలబడి గన్, అంటే చార్జింగ్ కేబుల్ కొసకున్న పిడి, కారుకు పెడుతున్నడు, తీస్తున్నడు, పెడుతున్నడు. పెట్టంగనే మిషన్ టక్ అంటది, పచ్చ లైటు వస్తది, ఒక రెండు మూడు సెకండ్లకు ఎర్ర లైటు. స్క్రీన్ మీద ఎర్త్ ఫాల్ట్. ఆమెను హైదరాబాద్‌ల ఆస్పత్రిల చూపెట్టుకొని తిరిగి పోతున్నరట. బండిల 5 శాతం. నేను పోయి గుంత మీది మూత లేపిన. లోపల మట్టి చూస్తే, ఎండిన చెరువు అడుగు లెక్క పలిగి ఉన్నది. భూమిల దించిన కడ్డీ (ఎలక్ట్రోడ్) చుట్టు వేలు పట్టేంత సందు. టెస్టర్ పెడితే 11 ఓమ్‌లు. హోటల్ నుంచి బిందెలతోని నీళ్ళు మోసినం, నేను, ఆ కొడుకు, ఒక సర్వర్ పిల్లగాడు. ఎనిమిదో తొమ్మిదో బిందెలు పోసినంక మట్టి కొంచెం దగ్గరికొచ్చింది. మల్ల గన్ పెడితే పచ్చ లైటు నిలవడ్డది. ఆ ముసలామె నన్ను దీవించింది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె గంటన్నర సేపు ఎండల కూర్చున్నది నేను బండ కొట్టియ్యనందుకు.

అప్పటి నుంచి నేను చేసేది చెప్త, రాసుకోండి. మన నేలల గుంత తవ్వి ఎర్తింగ్ పెట్టుడు మానేసిన. బోరు మిషన్ తెప్పిచ్చి, బండ దాటి తడి తగిలేదాక బోరు కొట్టి, అందుల రాగి పూత రాడ్ దించి, బెంటొనైట్ అనే తడి పట్టి ఉంచే మన్ను నింపుత. ఉప్పు బొగ్గు వద్దు. ఉప్పు వానకు కరిగిపోతది, ఇనుమును తింటది. ఇట్లాంటి బోర్లు ఒక్కటి కాదు, మిషన్ బాడీకి రెండు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు, పిడుగు కడ్డీకి వేరే. అన్నిటికంటే పెద్దది: టెస్టింగ్ వానకాలంల కాదు, మే నెలల. చలికాలంల కడితే మేల మల్ల పోయి చూడాలె. సంతకం అప్పుడు పెట్టాలె. బిడ్డా, ఇది మీరు పరీక్షల రాయరు, కాని రేపు పనిల దీన్ని మరువకండి.

కేబుల్ ట్రెంచ్‌కు గూడ ఇదే బండ అడ్డమొస్తది. 11 కేవీ కేబుల్ 900 మిల్లీమీటర్ల లోతుల, ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) కేబుల్ 750ల ఉండాలె. కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు, దాని మీద వార్నింగ్ టేప్. బండ వచ్చిందని ఒక్క కాడ పైకి లేపి పోనిస్తే, లారీ ఎక్కేది సరిగ్గ ఆ ఒక్క కాడనే.

కారు ఎట్ల వచ్చి నిలవడతది

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఒక ఆదివారం నేను ఒక స్టేషన్ కాడ పొద్దుగాల నుంచి చీకటి పడేదాక కుర్చీ వేసుకొని కూర్చున్న. చేతుల ఒక నోటుబుక్కు. వచ్చిన ప్రతి కారు ఎట్ల వచ్చింది, ముందుకొచ్చిందా, వెనక్కొచ్చిందా, ఎన్నిసార్లు తిప్పుకున్నరు, గన్ అందిందా లేదా, రాసుకున్న.

చూస్తే ఏమర్థమైంది? పెట్రోల్ బంకు లెక్క దీన్ని కట్టొద్దు. పెట్రోల్ మూత బండి పక్కకు ఉంటది, పైపు పొడుగుంటది, రెండు నిమిషాల పని. ఇక్కడ చూడండి: ఎంజీ జెడ్ఎస్‌కు గన్ పెట్టే రంధ్రం ముందు గ్రిల్ల ఉంటది. టాటా పంచ్‌కు ముందు ముక్కు మీద. నెక్సాన్‌కు వెనక పక్కకు. ఎక్స్‌యూవీ 400కు ముందు చక్రం మీది రెక్కల ఎడమ దిక్కు. ఒక్కో బండిది ఒక్కో కాడ. మిషన్‌ను గడి, అంటే ఒక బండి నిలిపే జాగ, మూలకు పెట్టిన్రా, సగం బండ్లకు గన్ అందదు. ఆ రోజు ఒక నెక్సాన్ ఆయన ముందుకొచ్చి నిలబెట్టిండు. గన్ అందలేదు. వెనక్కి తీసి తిప్పి, రివర్సుల వచ్చిండు. వెనక ఇంకో బండి ఉన్నది, దానికి జరగ జాగ లేదు. అది వెనక్కి తీస్తే దాని వెనక లారీ. అంత కలిపి 11 నిమిషాలు పోయింది, కరెంటు ఒక్క యూనిట్ గూడ ఎక్కకముందే. ఇంకో అమ్మ వచ్చింది, ఒక్కతే డ్రైవ్ చేసుకుంట. గన్ లావు కేబుల్, బరువు. రెండు చేతులతోని గుంజి, బానెట్ మీదికెల్లి అడ్డం వేసి పెట్టింది. తీసేటప్పుడు రంగు మీద గీత పడ్డది. ఆమె ఏమనలేదు. నా నోటుబుక్కుల మాత్రం ఆ గీత ఇప్పటికి ఉన్నది.

సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రత నిబంధనలల రాసున్నది, నిలబెట్టిన బండికి గన్ పెట్టే రంధ్రం చార్జింగ్ పాయింట్‌కు 5 మీటర్ల లోపట ఉండాలె. ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు. సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తుల ఉండాలె. ఆ 5 మీటర్లను కాయిదం మీద కాదు, బండి మీద కొలవాలె. నేను గీసేది చెప్త. గడి వెడల్పు 3 మీటర్లు, తలుపు తీసి పిల్లను దించాలంటే అంత కావాలె. పొడుగు ఐదున్నర. మిషన్ రెండు గడుల నడుమ, ముందు వరుసల. కేబుల్ నేల మీద పడకుండ పై నుంచి వేలాడే బ్యాలన్సర్ పెట్టాలె. నేల మీద పడ్డ కేబుల్‌ను చక్రం తొక్కుతది, తొక్కితే లోపల సన్న తీగలు తెగుతయ్, ఆ తెగినయ్ కంటికి కనవడవు. మిషన్ ముందల ఇనుప స్తంభాలు రెండు, కాంక్రీటుల పాతినయి. చక్రం ఆగేటందుకు దిమ్మె. ఇంకా మిషన్ దిమ్మె ఎత్తు: వాన దంచికొట్టిన రోజు మీ జాగల పోయి నిలబడండి, నీళ్ళు ఏడిదాక వచ్చినయో గోడ మీద గీత పెట్టుకోండి. ఆ గీత మీద ఇంకో ఫీటున్నర.

గడులు అన్నీ ఒక్క వరుసల పెట్టకండి. ఒక గడి మాత్రం ఇటు నుంచి వచ్చి అటు పోయేటట్టు ఉంచండి. ట్యాక్సీలోళ్ళు, చిన్న గూడ్సు బండ్లోళ్ళు రివర్స్ పెట్టలేరు. ఇంకా, ఆగి చూసే బండ్లకు రెండు గడులు, మిషన్ లేకున్నా సరే. అవి లేకుంటే బండ్ల వరుస పోయి హైవే మీద పడతది.

సంక్రాంతి గుర్తుకు తెచ్చుకోండి. భోగికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌గేటు కాడ ఎట్లుంటదో మనందరికీ తెలుసు. ఆ రెండు రోజులు పోయే దిక్కే జనం. పండుగ అయినంక వచ్చే దిక్కే జనం. మామూలు రోజు 10 బండ్లు వచ్చే స్టేషన్‌కు ఆ రోజు గంటలనే 10 వస్తయ్. దానికోసం 10 మిషన్లు కొనమని నేను చెప్పను, అప్పులపాలైతరు. కాని ఆ రోజు ఒక మనిషిని పెట్టండి, చేతుల టోకెన్ బుక్కు ఇయ్యండి. 80 శాతం దాటంగనే మర్యాదగ చెప్పి బండి తియ్యమనే మనిషి. 80 దాటినంక బ్యాటరీ తనంతల తానే నెమ్మదిస్తది, చివరి 20 శాతానికి ముందు 60 శాతానికి పట్టినంత సేపు పట్టొచ్చు. ఈ సంగతి కారున్నోళ్ళల చాలామందికి తెల్వదు. చెప్తే వింటరు.

అక్క ఒకామె చెయ్యి లేపింది. చెప్పక్కా. ఆ... బాత్రూముల గురించి. అక్కా, మంచిగ అడిగినవ్. బండి చార్జింగ్‌కు అరగంట నుంచి గంట. ఆ గంట ఆ ఇంటామె ఎక్కడ కూర్చోవాలె? ఆడోళ్ళకు లోపల గడియ ఉన్న, లైటున్న, నీళ్ళొచ్చే బాత్రూం లేని స్టేషన్‌కు నేను ఈమధ్య పని ఒప్పుకుంటలేను. హోటల్ రాత్రి 10కి మూస్తరు, బాత్రూంకు తాళం వేస్తరు, స్టేషన్ మాత్రం 24 గంటలని బోర్డు. ఇది తప్పు. ఖర్చు ఎంత? ఒక మిషన్ ధరల ఒక మూల గూడ కాదు.

ఎండ, మిషన్

నల్లగొండ ఎండకు 44, 45 డిగ్రీలు కొత్త కాదు. మిషన్ లోపల ఏముంటది? ఏసీ కరెంటును డీసీ చేసే మాడ్యూళ్ళు. 60 కిలోవాట్లు పోస్తుంటే నూటికి ఐదు వేడి అయి పోతదనుకున్నా 3 కిలోవాట్లు. నీళ్ళు కాగబెట్టే పెద్ద రాడ్లు రెండు ఆ పెట్టెల పెట్టినట్టు. దాన్ని ఫ్యాన్లు బయటికి ఊదాలె. మన హైవే దుమ్ము, లారీల దుమ్ము వచ్చి ఫిల్టర్‌ను మూస్తది. అప్పుడు మిషన్ ఏం చేస్తది? తనను తాను కాపాడుకోనీకి పవర్ తగ్గిస్తది. 60 అని రాసున్న మిషన్ మధ్యాహ్నం 30 ఇస్తది. కారాయన మన హోటలోళ్ళను తిడతడు. ఫిల్టర్ ఎండకాలంల 15 రోజులకొకసారి తీసి దులపాలె. షెడ్ ఖచ్చితంగ ఉండాలె, మిషన్ స్క్రీన్ పడమట దిక్కు చూడొద్దు. సాయంత్రం ఎండల ఆ స్క్రీన్ మీద ఏమీ కనవడదు, టచ్ గూడ సరిగ్గ పనిచెయ్యదు.

షెడ్ మీద సోలార్ పెడదమా అని అడుగుతరు. పెట్టండి, మంచిదే. కాని దాని మీదనే నడుపుతమనుకోకండి. 1 కిలోవాట్ ప్యానెల్ రోజుకు 4 యూనిట్లు ఇస్తది. 10 కిలోవాట్లు పెడితే 40 యూనిట్లు. అంటే రోజంత ఎండను పట్టి కూడబెడితే ఒక్క కారు నిండుతది. లైట్లకు, ఫ్యాన్లకు, కెమెరాలకు వస్తది, మిషన్‌కు రాదు.

ఇగ మిషన్. మాట ఇచ్చిన గద, చెప్త. కార్లకు సీసీఎస్ 2 అనే రకం గన్ ఉండాలె, ఇప్పుడొచ్చే కార్లకు అదే. కిలోవాట్లు చూసి మోసపోకండి. ఎంత గుంజుకోవాల్నో కారు చెప్తది, మిషన్ కాదు. 24 యూనిట్ల చిన్న టియాగోకు 240 కిలోవాట్ల మిషన్ పెట్టినా అది తనకు పట్టినంతనే తాగుతది. కొత్తగ వస్తున్న మహీంద్రా బీఈ 6 వంటి పెద్ద బండ్లు మాత్రం 175 కిలోవాట్ల దాకా గుంజుతయ్. రెండు గన్లున్న 60 కిలోవాట్ల మిషన్ అంటే ఒక్క బోరు కింద రెండు మడులు. ఒక్కటే పారితే 60, రెండూ పారితే చెరి 30. ఇది కొనేటోళ్ళకు చెప్తలేరు, మీరు అడిగి తెలుసుకోండి.

నా మాటేందంటే, 120ది ఒక్కటి కొనే కాడ 60వి రెండు కొనండి. ధర కొంచెం ఎక్కువైనా సరే. ఎందుకు? ఒకటి ఆగితే ఇంకోటున్నది. 8 శాతం మనిషి యాదికున్నడు గద? ఆయనకు 120 వద్దు, పనిచేసే 30 ఉన్నా చాలు. ఇంకా రెండు సిమ్‌లు, వేరే వేరే నెట్‌వర్క్‌లయి. సిగ్నల్ పోయి పైసలు కట్టలేక, గన్ విడువక నిలబడ్డోళ్ళను నేను చూసిన. అటువంటప్పుడు వాచ్‌మన్ కాడ ఉండే కార్డుతోని మొదలుపెట్టుడు, ఆపుడు ఆయనకు నేర్పియ్యాలె. ప్రమాదమొస్తే కరెంటు ఆపే ఎర్ర బటన్ ఎక్కడుందో, ఎప్పుడు కొట్టాల్నో నేర్పియ్యాలె. రాత్రిపూట రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు విప్పే దొంగలు మన పొలాల కాడ ఉన్నరు, ఆ కేబుల్ గూడ వాళ్ళ కంట్ల పడతది. కెమెరా దాని మీద ఉండాలె, గల్లాపెట్టె మీద కాదు.

లాభం గురించి ఒక్క మాట. 60 కిలోవాట్ల మిషన్ 24 గంటలు నడిస్తే 1440 యూనిట్లు. ఆ లెక్క చూపెట్టి మీకు అమ్ముతరు. రోజుకు 10 బండ్లు, బండికి 25 యూనిట్లు అంటే 250. ఈ 250 లెక్క మీద మీ కిస్తీ వెళ్తదా చూసుకోండి, చార్జింగ్ మీద 18 శాతం జీఎస్‌టీ పోను. వెళ్తే పెట్టండి. భూమి అమ్మి మాత్రం పెట్టకండి, నా చెల్లెండ్లకు, తమ్ములకు చెప్పినట్టు చెప్తున్న. బండ్లు పెరుగుతయ్, అది నాకు నమ్మకం. మన రాష్ట్రంల 2024 నవంబర్ నుంచి కరెంటు బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసిన్రు, 2026 చివరిదాక అని. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల అమర రాజా వాళ్ళ బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేల శంకుస్థాపన అయింది. వెనక నుంచి ముందుకొచ్చిన పిల్లలు, మీకు పని ఇక్కడ్నే ఉంటది, ఎర్త్ టెస్టర్ పట్టుడు బాగ నేర్చుకోండి.

ఇగ మాటలు చాలు. పొద్దుగాలనే వచ్చి ఈ ఫంక్షన్ హాల్ ముందు వాకిట్ల సున్నంతోని నాలుగు గడులు గీసిన. నడుమ ఒక డ్రమ్ము పెట్టిన, అదే మిషన్ అనుకోండి. డ్రమ్ముకు 5 మీటర్ల తాడు కట్టిన, అది గన్. ఇక్కడికి నెక్సాన్ తెచ్చినోళ్ళు ఇద్దరున్నరని విన్న, జెడ్ఎస్ ఒకటి గేటు కాడ చూసిన. తాళాలు తీసుకొని రండి. ఒక్కొక్కరు లోపలికి తెచ్చి నిలబెట్టండి, తాడు అందుతదా లేదా చూద్దం. అందకుంటే సున్నం చెరిపి మల్ల గీద్దం. బిడ్డా, ఆ టేపు, నోటుబుక్కు పట్టుకొని నువ్వు రా.